ఎడారి దేశంలో వానాకాలం: జనవరిలో జోర్డాన్

జోర్డాన్ వెళ్దామని పట్టుబట్టింది అక్క. ఆమెకు యొర్దాను నదిలో కాళ్ళు తడుపుకోవాలి, నెబో కొండ ఎక్కాలి. నాకు కొండల్లో చెక్కిన పాత ఊరు పెట్రా చూడాలి. బావకు ఏదో ఒకటి కొత్తది తినాలి, అది ఏ దేశమైనా పర్లేదు. ముగ్గురికీ సెలవులు కుదిరింది జనవరిలో. ఎడారి దేశానికి చలికాలమే మంచి సీజన్ అని అందరూ అన్నారు. మంచిదే, కాదనను, కానీ అక్కడ ఏడాది మొత్తానికి పడే వానలో ఎక్కువ భాగం నవంబరు నుంచి మార్చి లోపే పడుతుందని ఎవరూ చెప్పలేదు. అంటే మనం వెళ్ళేది వాళ్ళ వానాకాలంలోకి. పైగా అమ్మాన్ కొండల మీద ఉంది, సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల పైన. అక్కడి నుంచి కారులో గంట దిగితే మృత సముద్రం, మట్టానికి 430 మీటర్ల కింద. పొద్దున స్వెటర్ మీద జాకెట్, మధ్యాహ్నం పొట్టి చేతుల చొక్కా, రాత్రికి మళ్ళీ మంకీ క్యాప్. ఒకే సూట్‌కేసులో రెండు సీజన్ల బట్టలు పెట్టుకోవాల్సిందే.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. జోర్డాన్ దినార్ మన డబ్బుల్లో 120 రూపాయల పైనే ఉంటుంది, కాబట్టి చౌక దేశం అనుకుని వెళ్ళొద్దు. వీసాకు 40 దినార్లు, పెట్రాకు ఒక్క రోజు టికెట్ 50 దినార్లు. అదే 70 పెట్టి జోర్డాన్ పాస్ కొంటే ఈ రెండూ అందులోనే వచ్చేస్తాయి, జెరాష్, కెరక్ కోట, వాది రమ్ కూడా కలిసొస్తాయి. బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, దేశంలో కనీసం మూడు రాత్రులు ఉండాలి, అదీ షరతు. పెట్రా వరుసగా రెండు రోజులు కావాలంటే 75. ఆ ఐదు దినార్ల దగ్గర కక్కుర్తి పడొద్దు, ఎందుకో మంగళవారం సంగతిలో చెప్తాను.

శుక్రవారం, అమ్మాన్

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, గల్ఫ్‌లో ఎక్కడో ఒకచోట మారాలి. గురువారం రాత్రి దిగి పడుకున్నాం. పొద్దున నేను లేచేసరికి చీకటే, టైము ఏడు. 2022 నుంచి అక్కడ ఏడాది పొడుగునా వేసవి టైమే (గడియారం గంట ముందుకు జరిపి పెట్టేది) నడుస్తోంది, అందుకని జనవరిలో ఏడున్నర దాటితే గానీ తెల్లవారదు. శుక్రవారం సెలవు కూడా కావడంతో నమాజు అయ్యేదాకా రోడ్ల మీద పిట్ట లేదు. గ్యాస్ సిలిండర్ల బండి ఒక్కటి మాత్రం ట్యూన్ మోగించుకుంటూ వీధి వీధీ తిరుగుతోంది, బావ ఐస్‌క్రీమ్ అనుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

ఆ కిటికీలోంచి చూస్తే ప్రతి మేడ మీదా నాలుగైదు నీళ్ళ ట్యాంకులు. ఇక్కడ చాలా ఇళ్ళకు మునిసిపాలిటీ నీళ్ళు వారానికి ఒక్కసారే వస్తాయట, వచ్చినరోజు నింపుకుంటే మళ్ళీ వారం దాకా అవే. ప్రపంచంలో నీటి కరువు బాగా ఉన్న దేశాల్లో ఇదొకటి అని చదవడం వేరు, బాత్రూంలో షవర్ పక్కన 'దయచేసి త్వరగా' అని అంటించిన కాగితం చూడడం వేరు.

సిటడెల్ (పాత కోట) కొండ ఎక్కాం. బైబిల్లో అమ్మోనీయుల రబ్బా ఇదే, తర్వాత గ్రీకుల కాలంలో ఫిలడెల్ఫియా అయింది. రోమన్ల గుడి స్తంభాల పక్కన ఏదో పెద్ద విగ్రహం తాలూకు రాతి చెయ్యి ఒకటి పడి ఉంది, వేళ్ళే ఎంతో పెద్దవి. కింద ఆరు వేల మంది కూర్చునే రోమన్ థియేటర్. ఇవన్నీ గబగబా చూసేశాం, ఎందుకంటే గాలి కోసేస్తోంది. డౌన్‌టౌన్‌లో ఒక షాపు ముందు జనం గుంపుగా నిలబడి కప్పుల్లో పొగలు కక్కే తెల్లటిది తాగుతున్నారు. సహ్లబ్ అంటారు. చిక్కటి వేడి పాలు, పైన దాల్చినచెక్క పొడి, కొబ్బరి, పిస్తా పలుకులు. చలికాలంలోనే అమ్ముతారు. బావ రెండు తాగి మూడోది అక్క చేతిలోంచి లాక్కున్నాడు.

శనివారం, జెరాష్

అమ్మాన్‌కు ఉత్తరంగా 50 కిలోమీటర్లు. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ క్రీ.శ. 129-130 చలికాలం ఇక్కడే గడిపాడు, ఆయన వస్తున్నాడని కట్టిన కమాను గుమ్మం ఇప్పటికీ నిలబడి ఉంది. ఆయన తర్వాత చలికాలం టూరిస్టులం మేమే అన్నట్టుంది పరిస్థితి, అంత ఖాళీ. సన్నగా వాన. గొడుగులు పట్టుకుని అండాకారపు చౌరస్తా దాటి స్తంభాల వీధిలో నడుస్తుంటే రాళ్ళ మీద రథచక్రాల గాడి కనిపించింది, ఆ గాడిలోంచి వాన నీళ్ళు పారి రోడ్డు మధ్యలో ఉన్న ఒక కన్నంలోకి దిగిపోతున్నాయి. వంగి చెవి పెట్టి విన్నాను, కింద నీళ్ళు పోతున్న చప్పుడు. రెండు వేల ఏళ్ళ నాటి డ్రైనేజీ! మా కాలనీలో రెండేళ్ళ క్రితం వేసింది పనిచేయడం లేదని బావకు చెప్తే, 'అక్కడ కాంట్రాక్టర్‌ని సింహాలకు వేసేవాళ్ళేమో బామ్మర్దీ' అన్నాడు.

ఆదివారం, మదబా, నెబో, యొర్దాను

ఇది అక్క రోజు. అమ్మాన్‌లో మాట్లాడుకున్న కారు పొద్దున్నే వచ్చింది. డ్రైవర్ అరవై దాటిన పెద్దాయన, సౌదీలో లారీ నడిపినప్పుడు నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలు ఉన్నాయి, మాకు అవే చాలు.

మదబాలో సెయింట్ జార్జ్ చర్చి నేల మీద ఆరో శతాబ్దపు మొజాయిక్ పటం ఉంది, పవిత్ర భూమి మొత్తానికి మనకు మిగిలిన పాత పటాల్లో దీనికి మించినది లేదు. ఆదివారం ప్రార్థన అయ్యేదాకా టూరిస్టులను రానివ్వరు, అక్క మాత్రం ప్రార్థనకే వచ్చానని చెప్పి లోపల కూర్చుంది. అరబిక్‌లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ఆమెకు తెలిసిపోయింది. తర్వాత మేము వెళ్ళి పటం చూశాం. చాలా భాగం పోయింది, జెరూసలేం మాత్రం గోడలు, గుమ్మాలు, నడివీధి స్తంభాలతో సహా ఉంది. నన్ను పట్టేసింది యొర్దాను నది దగ్గరి చేప. నది మృత సముద్రంలో కలిసే చోటికి వచ్చి, ఉప్పు తగలగానే వెనక్కి తిరిగి ఎదురీదుతోంది. చిన్న చిన్న రాళ్ళతో ఆ చేప మొహంలో కంగారు కూడా పెట్టాడు ఆ పనివాడు.

నెబో కొండ అక్కడికి దగ్గరే. మోషే వాగ్దాన దేశాన్ని చూసి, అందులోకి అడుగుపెట్టకుండానే చనిపోయిన చోటు, ద్వితీయోపదేశకాండము చివరి అధ్యాయం. వేసవిలో వెళ్ళినవాళ్ళు దుమ్ము తప్ప ఏమీ కనపడలేదని చెప్తారు. మాకు ముందు రోజు వాన పడి గాలి కడిగినట్టయింది. కింద మృత సముద్రం, యొర్దాను లోయలో పచ్చటి గీత, ఎదురుగా యెరికో, ఇంకా పైన కొండల అంచు మీద జెరూసలేం గోపురాలు చుక్కల్లా. చలికాలం వానకు నేను పెట్టే మొదటి దండం దీనికే. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'పాపం ముసలాయన, నలభై ఏళ్ళు నడిపించి ఇక్కడ ఆపేశాడ్రా దేవుడు' అంది. రాగి సర్పం సిలువ పక్కన ఫోటో దిగేటప్పుడు గాలికి ఆమె కొంగు నా మొహం మీద పడింది, అన్ని ఫోటోల్లోనూ నేను లేను.

అక్కడి నుంచి రోడ్డు దిగుతూనే ఉంటుంది. అమ్మాన్‌లో మూత బిగించిన ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి సీటు కింద ఉండిపోయింది, 'సముద్ర మట్టం' అని రాసిన బోర్డు దాటాక చూస్తే నాలుగు వైపులా నొక్కుకుపోయి ఉంది. జాకెట్లు తీసేశాం. చెవులు మూసుకుపోయాయి.

అల్ మగ్తస్, అంటే యేసు బాప్తిస్మం పొందిన చోటుగా 2015లో యునెస్కో గుర్తించిన స్థలం. జోర్డాన్ పాస్ ఇక్కడ చెల్లదు, వేరే టికెట్ కొనాలి, సొంత కారు కూడా వెళ్ళకూడదు, వాళ్ళ బస్సులో గైడుతోనే పోవాలి. కారణం నది దగ్గరికి వెళ్తే తెలుస్తుంది. యొర్దాను అంటే అక్క మనసులో మా కృష్ణ అంత ఉంది. అక్కడున్నది డెల్టాలో పంట కాలువ అంత, ఎర్రటి బురద నీళ్ళు, ఆరేడు మీటర్ల వెడల్పు. పైనున్న దేశాలన్నీ నీళ్ళు మళ్ళించుకోగా కిందికి వచ్చేది ఇదే. ఈ ఒడ్డు జోర్డాన్, ఆ ఒడ్డు ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉన్న వెస్ట్ బ్యాంక్. ఇటు చెక్క మెట్లు, అటు రాతి మెట్లు, రెండు వైపులా తుపాకులతో సైనికులు, మధ్యలో నీళ్ళ మీద తాడు. అవతల తెల్ల గౌనుల్లో జనం మునుగుతున్నారు.

అక్క మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టి, సన్నగా పాట ఎత్తుకుంది. రెండో చరణానికి అవతలి ఒడ్డు నుంచి ఎవరో ఆడమనిషి గొంతు కలిపింది. తెలుగులో! పాట ఆగింది.

'అమ్మా, ఏ ఊరు మీది?'

'తెనాలండీ! మీరు?' అంది అక్క.

'భీమవరం! అటు నుంచి ఎట్టా వచ్చారు?'

రెండు దేశాల సైనికులూ మమ్మల్ని చూస్తుంటే వీళ్ళిద్దరూ పిల్లల పెళ్ళిళ్ళ దాకా వెళ్ళిపోయారు. వాళ్ళు పదిహేను మంది, ఊరి సంఘం తరఫున జెరూసలేం యాత్రకు వచ్చారట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ యాత్రకు సాయం ఇవ్వడం చాలా ఏళ్ళుగా ఉన్నదే, 2019లో దాన్ని పెంచి ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు 60 వేలు, ఆ పైన వాళ్ళకు 30 వేలు చేశారు. మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే. ఆరడుగులు వేస్తే చేయి కలపొచ్చు, కానీ మా నుంచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే బోర్డర్ బ్రిడ్జి, పాస్‌పోర్టు, సగం రోజు. చివరికి గైడు వాచీ చూపించాడు.

సోమవారం, మృత సముద్రం, కెరక్

రాత్రి సముద్రం ఒడ్డున హోటల్‌లో ఉన్నాం. జనవరిలో కూడా ఇక్కడ పగలు 20 డిగ్రీలు ఉంటుంది, నీళ్ళు గోరువెచ్చగా కాదు గానీ వణికించవు. నీళ్ళలో మూడో వంతు ఉప్పే, కాబట్టి మునుగుదామన్నా మునగలేం, కూర్చున్నట్టుగా తేలిపోతాం. రెండు సలహాలు: ముందు రోజు గడ్డం గీసుకోవద్దు, కంట్లో నీళ్ళు పడితే చేత్తో తుడుచుకోవద్దు, ఆ చేతికీ ఉప్పే ఉంటుంది. బావ రెండోది ప్రయత్నించి చూశాడు. అక్క చుడీదార్‌తోనే దిగి, ఒళ్ళంతా నల్ల బురద పూసుకుని, బైబిల్లో ఉప్పుస్తంభంగా మారిన లోతు అనే ఆయన భార్య ఎటువైపు ఉందని లైఫ్‌గార్డును తెలుగు, హిందీ కలిపి అడిగింది. ఆయన చెయ్యి దక్షిణానికి చూపించాడు, నిజంగా అర్థమై చూపించాడో లేదో దేవుడికే తెలియాలి.

హోటల్ కట్టినప్పుడు నీళ్ళు ఉన్న చోటికీ ఇప్పుడున్న చోటికీ మధ్య మెట్ల మీద మెట్లు కట్టుకుంటూ పోయారు. సముద్రం ఏడాదికి దాదాపు మీటరు చొప్పున దిగిపోతోంది. నిన్న చూసిన ఆ పంట కాలువ దీనికి ఆధారం, దక్షిణాన పొటాష్ ఫ్యాక్టరీలు వేరే నీళ్ళు ఆరబెట్టుకుంటున్నాయి, ఇంకేం మిగులుతుంది.

మధ్యాహ్నం కెరక్‌కు ఎక్కాం. అరగంటలో మళ్ళీ జాకెట్లు. పన్నెండో శతాబ్దపు క్రూసేడర్ల (యూరపు నుంచి వచ్చిన క్రైస్తవ యోధుల) కోట, ముస్లిం సుల్తాను సలాదీన్ సైన్యం 1188లో పట్టుకుంది, లోపల సొరంగాల్లాంటి గదులు బాగున్నాయి, పైన నిలబడితే గాలి తోసేస్తోంది. పది నిమిషాలు చాలు అన్నాడు బావ, కోటకు అన్యాయమే గానీ మేమూ ఒప్పుకున్నాం. షోబక్ వైపు కొండల మీద మంచు పడొచ్చని డ్రైవర్‌కు ఫోన్ వచ్చింది, పాత కింగ్స్ హైవే వదిలేసి ఎడారి హైవే మీదుగా రాత్రికి పెట్రా పక్క ఊరు వాది మూసా చేర్చాడు. హోటల్ హాల్లో గ్యాస్ పొయ్యి, సోబా అంటారు, దాని మీద ఎవరో కమలాపండు తొక్కలు పెట్టారు, ఆ వాసనకే సగం చలి పోయింది.

మంగళవారం, వాన

పెట్రా మూసేశారు. వరద హెచ్చరిక ఉంటే లోపలికి ఎవర్నీ పంపరు, బతిమాలినా ప్రయోజనం లేదు. ఎందుకింత గట్టిగా ఉంటారంటే, పెట్రాలోకి వెళ్ళే దారి సిక్ అనే ఇరుకు కనుమ, 1.2 కిలోమీటర్ల పొడవు, కొన్ని చోట్ల మూడు మీటర్ల వెడల్పు. ఎక్కడో కొండల మీద పడిన వాన నిమిషాల్లో ఇందులోకి వచ్చేస్తుంది. 1963లో అలా వచ్చిన వరదలో ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు కొట్టుకుపోయారు. 2018 నవంబరులో వేల మంది టూరిస్టులను ఖాళీ చేయించారు.

ఇప్పుడు అర్థమైందిగా ఐదు దినార్ల సంగతి. చలికాలంలో పెట్రాకు ఒక రోజు అదనంగా పెట్టుకోకపోతే ఇంత దూరం వచ్చి గేటు చూసి వెళ్ళాలి. మా పాస్ ఇంకా స్కాన్ కాలేదు కాబట్టి నష్టం లేదు (లోపలికి వెళ్ళాక మూసేసి ఉంటే ఆ రెండో రోజే దిక్కు), గేటు పక్కనే ఉన్న పెట్రా మ్యూజియంలో కూర్చున్నాం. జపాన్ సాయంతో 2019లో తెరిచారు. టెన్షన్ పడుతూ వెళ్ళిన నేను మూడు గంటలు అందులోనే ఉండిపోయాను. పెట్రాను కట్టిన నబతీయులు ధూపద్రవ్యాల వ్యాపారంతో డబ్బు చేసుకున్నారని అందరూ రాస్తారు, అసలు వాళ్ళ ఇంజినీరింగ్ నీళ్ళది. వరదను సిక్‌లోకి రాకుండా ఆనకట్ట కట్టి, కొండను తొలిచిన సొరంగంలోకి మళ్ళించారు. తాగే నీళ్ళను మాత్రం మట్టి గొట్టాల్లో ఊరికి తెచ్చుకున్నారు. తర్వాత ఎవరూ పట్టించుకోక ఆ ఆనకట్ట పోయింది, 1963 తర్వాత మళ్ళీ అదే చోట కట్టారు.

బుధవారం, పెట్రా

ఎండ కాసింది. గేటు దగ్గర గుర్రాలవాళ్ళు 'టికెట్లోనే ఉంది, ఫ్రీ' అంటారు, దిగాక టిప్పు కోసం చేసే గొడవ చూస్తే టికెట్టే చౌక అనిపిస్తుంది. నడవండి.

సిక్‌లో అక్కడక్కడా నీళ్ళు నిలిచి ఉన్నాయి. గోడకు మోకాలి ఎత్తులో కాలువ, అందులో కొన్ని చోట్ల పాత మట్టి గొట్టం ముక్కలు ఇంకా అతుక్కునే ఉన్నాయి, ఒకదానిలోకి వేలు పెట్టి చూశాను, లోపల సున్నం పొర గట్టిగా పేరుకుని ఉంది, అంత కాలం నీళ్ళు పారాయన్నమాట. నిన్న మ్యూజియం చూడకపోతే ఇది దాటి వెళ్ళిపోయేవాణ్ణి. చివరి మలుపులో కొండలో చెక్కిన కట్టడం, ఖజానా అంటారు. దాదాపు 40 మీటర్ల ఎత్తు, ఫోటోల్లో చూసిందే, అయినా నోరు మూతపడలేదు. తడిసిన ఇసుకరాయి రంగు ఎండినప్పటి రంగుకు సంబంధమే లేదు, ముదురు ఎరుపు, మధ్యలో ఊదా చారలు. పైనున్న రాతి కలశం నిండా తూటాల గుంటలు, లోపల బంగారం ఉందని ఒకప్పుడు కాల్చేవారట. అది సమాధి, ఖజానా కాదు.

అక్క రాజుల సమాధుల దగ్గర ఆగిపోయి ఒక బదూ (ఎడారి తెగ) ముసలావిడతో టీ తాగుతూ కూర్చుంది, సేజ్ ఆకు వేసిన తీపి టీ. ఎదురుగా కొండ మీద తెల్లటి చిన్న గుమ్మటం మోషే అన్న అహరోను సమాధి అని ఆవిడ చూపించిందట, ఇద్దరికీ ఆ పేరు ఒక్కటే ఉమ్మడి భాష. నేనూ బావా అద్-దైర్‌కు ఎక్కాం, ఎనిమిది వందలకు పైగా మెట్లు. గాడిద ఎక్కమని ప్రతి మలుపులో అడిగారు. బావ మోకాళ్ళు పట్టుకుని, 'నా బరువు మోస్తే దాని ఉసురు నాకే' అని ఎక్కలేదు. పైన ఖజానాకంటే పెద్ద కట్టడం, జనం పది మంది కూడా లేరు. చలికాలంలో తొందరగా మూసేస్తారు, గేటు నుంచి రానుపోను పది కిలోమీటర్ల పైమాటే, కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఈ మెట్లు మొదలుపెట్టొద్దు.

గురువారం, వాది రమ్

గంటన్నర దారి. ఓపెన్ జీపు వెనక ఎక్కించారు, ఎర్ర ఇసుక, నిలువు కొండలు, అంతా బాగుంది, గాలికి పళ్ళు టకటకలాడడం తప్ప. ఖజాలి అనే ఇరుకు సందులో రాళ్ళ మీద పాత రాతలు, మనుషుల బొమ్మలు, పాదాల జతలు చెక్కి ఉన్నాయి. మా జీపు కుర్రాడు ఇసుక మీద కాలితో తన్ని, అమ్మాన్ తాగే నీళ్ళు ఈ కింద ఉన్నాయన్నాడు. నిజమే, పక్కనే దీసీ దగ్గర భూమి లోతుల్లోంచి వేల ఏళ్ళ నాటి నీళ్ళు తోడి 325 కిలోమీటర్ల పైపులో అమ్మాన్‌కు పంపుతున్నారు, 2013 నుంచి. తోడడమే గానీ మళ్ళీ నిండేది దాదాపు ఏమీ లేదు.

రాత్రి ఇసుకలో పాతిన డ్రమ్ములోంచి జర్బ్ తీశారు, కోడి, గొర్రె, ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, నిప్పుల మీద మూడు గంటలు మగ్గినవి. బావ ఈ యాత్ర మొత్తంలో ఇదొక్కటి చాలన్నాడు. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గర. ప్లాస్టిక్ గాజు గుడారాలు ఫోటోలకు బాగుంటాయి, మాకు ఇచ్చింది మేక వెంట్రుకలతో నేసిన నల్ల గుడ్డ. పగలు చూస్తే నేతలో సందుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది, తడిస్తే పోగులు ఉబ్బి ఆ సందులు మూసుకుంటాయట. నాలుగు దుప్పట్లు కప్పుకున్నా అక్క పాదాలు వేడెక్కలేదు. చుక్కల కోసం బయటికి వెళ్ళినవాళ్ళం ఐదు నిమిషాల్లో లోపలికి వచ్చాం.

శుక్రవారం, అకాబా

ఎర్ర సముద్రం, మళ్ళీ 20 డిగ్రీలు. చేపతో వండే అన్నం సయాదియా తిన్నాం, బావ తీర్పు: వేపిన ఉల్లిపాయ బాగుంది, కారం లేదు, తెనాలి నుంచి తెచ్చిన పచ్చడి చివరి చెంచా ఇక్కడ ఖర్చయింది. ఎయిర్‌పోర్టుకు మూడు వందల కిలోమీటర్లు, హైవే నిండా లారీలు, ఎడారిలో పొగమంచు కూడా పడుతుంది. రాత్రి విమానమైతే మధ్యాహ్నం ఒంటిగంట దాటకుండా అకాబా వదలండి.